సంతకం లేని పిలుపు: అమాండా స్మిత్ జీవితం

మన దగ్గర సెమినార్ హాల్ రెండు గంటలు కావాలంటే ఎన్ని సంతకాలు కావాలో ఈవెంట్ పెట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. కోఆర్డినేటర్, హెచ్‌ఓడీ, ఆ పైన ఆఫీసు స్టాంపు. మైకు చేతికి వచ్చేసరికి సగం ఉత్సాహం ఆవిరైపోతుంది. పోనీ, అది రెండు గంటల వ్యవహారం. ఒక మనిషి జీవితాంతం జనం ముందు నిలబడి మాట్లాడాలనుకుంటే? ఆ మనిషికి ఎవరు సంతకం పెట్టాలి?

19వ శతాబ్దపు అమెరికాలో ఈ ప్రశ్నకి జవాబు స్పష్టంగానే ఉండేది. ప్రసంగించాలంటే మగవాడై ఉండాలి. చర్చి సంస్థ గురుపట్టా ఇవ్వాలి. చదువు ఉంటే మంచిది. తెల్లవాడైతే దేశంలో ఏ మూలకైనా తిరగొచ్చు. ఈ నాలుగింట్లో ఒక్కటీ లేని ఒక స్త్రీ, బానిసగా పుట్టి, ఇళ్లల్లో పాచిపని చేసి, బట్టలుతికి ఇస్త్రీ చేసి బతికిన స్త్రీ, నాలుగు ఖండాల్లో వేలమంది ముందు మాట్లాడింది. మన కలకత్తాలో కూడా మాట్లాడింది. ఆవిడ పేరు అమాండా బెర్రీ స్మిత్.

ఇది మతం గురించిన వ్యాసం కాదు. ఆవిడ బోధించినదాన్ని మీరు నమ్మాలని కూడా కాదు. అనుమతి ఇచ్చేవాళ్లు ఎవరూ లేనప్పుడు ఒక మనిషి ఎలా పని చేసిందో, దానికి ఎంత మూల్యం చెల్లించిందో చూద్దామని.

చీపుర్లు కట్టి కొనుక్కున్న స్వేచ్ఛ

అమాండా 1837 జనవరి 23న మేరీలాండ్ రాష్ట్రంలో లాంగ్ గ్రీన్ అనే చోట పుట్టింది. నాన్న శామ్యూల్ బెర్రీ, అమ్మ మేరియమ్. ఇద్దరూ బానిసలే, అదీ వేర్వేరు యజమానుల కింద. పక్కపక్కనే ఉన్న పొలాలు కాబట్టి కనీసం ఒకరినొకరు చూసుకోగలిగేవాళ్లు. అప్పటి చట్టం ప్రకారం బిడ్డ స్థితి తల్లిని బట్టి ఉంటుంది. తల్లి బానిస అయితే బిడ్డ పుట్టుకతోనే తల్లి యజమాని ఆస్తి. తండ్రికి స్వేచ్ఛ వచ్చినా పిల్లలకి రాదు.

శామ్యూల్‌కి ఆయన యజమానురాలు ఒక వెసులుబాటు ఇచ్చింది. పగలు చేయాల్సిన పని చేశాక, మిగిలిన సమయంలో సంపాదించుకుని తనని తాను కొనుక్కోవచ్చు. మిగిలిన సమయం అంటే రాత్రే కదా. ఆయన చీపుర్లు కట్టేవాడు, మొక్కజొన్న పొట్టుతో పట్టలు అల్లేవాడు, వాటిని బజారుకి పంపేవాడు. కోతల కాలంలో పగలంతా చాకిరీ చేసి, చీకటి పడ్డాక మైళ్లు నడిచి వేరే పొలంలో అర్ధరాత్రి దాటేదాకా కోత కోసి, ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చి, తెల్లారకముందే మళ్లీ పనికి లేచేవాడు. అలా తన ధర తానే కట్టుకున్నాడు. ఆ తర్వాత భార్యాబిడ్డల ధర కట్టడం మొదలుపెట్టాడు.

ఆ రెండోది అంత తేలిగ్గా జరగలేదు. మేరియమ్ యజమాని కుటుంబం అమ్మడానికి ఒప్పుకోలేదు. ఆ ఇంటి చిన్న యజమానురాలు సీలీ ఒక మెథడిస్టు క్యాంపు సభకి వెళ్లి మారిపోయింది. మేరియమ్ అంటే ఆ అమ్మాయికి ప్రాణం. కొన్నాళ్లకి ఆ అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. చనిపోయే ముందు, మేరియమ్‌నీ పిల్లల్నీ శామ్యూల్ కొనుక్కోవడానికి ఒప్పుకోమని పట్టుబట్టి ఇంట్లోవాళ్ల దగ్గర మాట తీసుకుంది. మొత్తం 13 మంది సంతానంలో అమాండా పెద్దమ్మాయి. బానిసత్వంలో పుట్టిన ఐదుగురిలో ఒకతె. ఒక తండ్రి చెమట, ఒక యజమానురాలి చివరి మాట, ఈ రెండూ కలిస్తే ఆ కుటుంబానికి స్వేచ్ఛ వచ్చింది. ఏ ఒక్కటి తగ్గినా మనం ఈ పేరు వినేవాళ్లం కాదు.

తర్వాత ఆ కుటుంబం ఉత్తరాన పెన్సిల్వేనియాలోని యార్క్ ప్రాంతానికి మారింది. వాళ్ల ఇల్లు పారిపోయి వచ్చే బానిసలకి ఆశ్రయమైంది. అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అని పుస్తకాల్లో చదువుతామే, అది రైలూ కాదు, భూగర్భమూ కాదు. ఇలాంటి ఇళ్ల గొలుసు. పగలంతా పనిచేసి అలిసిన శామ్యూల్, రాత్రిపూట ఎవరో తెలియని మనిషిని తర్వాతి ఇంటికి చేర్చి వచ్చేవాడు.

మూడు నెలల చదువు

అమాండా చదువు మొత్తం కలిపితే మూడు నెలలు. మనకి ఒక సెమిస్టర్ కూడా కాదు. అక్షరాలు ఇంట్లోనే నేర్చుకుంది. పాత వార్తాపత్రికల్లోంచి పెద్ద అక్షరాలు కత్తిరించి కిటికీ గట్టు మీద పేర్చుకుంటే, అమ్మ వాటిని కలిపి మాటలు చేసి చూపించేది. కాస్త పెద్దయ్యాక ఐదున్నర మైళ్లు నడిచి ఒక బడికి వెళ్లింది. అక్కడ తెల్లపిల్లలందరికీ పాఠాలు అయిపోయాక టైము మిగిలితేనే ఈమెకి పాఠం. మిగలని రోజు అంత దూరం నడిచి ఊరికే తిరిగి రావడమే. రెండు వారాలు చూసి మానేసింది.

ఆ తర్వాత ఇళ్లల్లో పని. 1854లో కాల్విన్ డివైన్ అనే ఆయనతో పెళ్లయింది. తాగనప్పుడు మంచి మాటలు చెప్పే మనిషి, తాగితే వేరే మనిషి. 1856లో, పెన్సిల్వేనియాలోని కొలంబియా అనే ఊళ్లో పనిమనిషిగా ఉన్నప్పుడు, ఒకరోజు భోజనాల బల్ల సర్దాల్సిన వేళలో ఇంటి కింద ఉన్న సెల్లార్‌లోకి దిగి, దేవుడు దొరికితే సరే, లేకపోతే ఇక్కడే చచ్చిపోతానని మొండికేసి ప్రార్థన చేసింది. తన విశ్వాస జీవితం ఆ రోజు మొదలైందని ఆవిడ లెక్క. చర్చి లేదు, పాస్టరు లేడు. తర్వాతి జీవితం మొత్తం కూడా దాదాపు ఇలాగే నడిచింది.

అంతర్యుద్ధం వచ్చింది. కాల్విన్ ఉత్తరాది సైన్యంలో చేరాడు, తిరిగి రాలేదు. ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. అమాండా చెల్లెలు ఫ్రాన్సిస్ మేరీలాండ్‌లో ఉండగా ఆమె దగ్గర స్వేచ్ఛాపత్రాలు లేకుండా పోయాయి. పత్రం లేని నల్లజాతి మనిషి అంటే ఎవరైనా పట్టి పనిలో పెట్టుకోవచ్చు. స్వేచ్ఛగా ఉన్న మనిషి ఒక కాగితం లేనందుకు మళ్లీ బానిసలా అయిపోయింది. అమాండా తను దాచుకున్న డబ్బు పోసి చెల్లెల్ని విడిపించుకుంది. ఆవిడ ఆత్మకథలో దీనికోసం ఒక అధ్యాయమే ఉంది. కాగితం విలువ ఏంటో, కాగితం లేకపోతే ఏమవుతుందో ఆవిడకి ఎవరూ థియరీ చెప్పక్కర్లేదు.

న్యూయార్క్, సబ్బునీళ్లు, ఒక ఆదివారం

రెండో భర్త జేమ్స్ స్మిత్. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిలో డీకన్ హోదా ఉన్నవాడు. ఈ చర్చి కథ కూడా తెలుసుకోవాలి. ఫిలడెల్ఫియాలో తెల్లవాళ్లతో సమానంగా కూర్చుని ప్రార్థన చేసుకోనివ్వలేదని బయటికొచ్చిన నల్లజాతి మెథడిస్టులు రిచర్డ్ అలెన్ నాయకత్వంలో 1816లో పెట్టుకున్న సొంత సంస్థ అది. జేమ్స్ బోధకుడవుతాడు, పాస్టరు భార్యగా తను కూడా సేవ చేయొచ్చు అని అమాండా పెళ్లికి ఒప్పుకుంది. ఆ కాలంలో సేవ చేయాలనుకునే ఆడవాళ్లకి కనిపించే దారి అదొక్కటే. పెళ్లయ్యాక ఆయనకి అసలు ఆ ఉద్దేశమే లేదని తేలింది.

న్యూయార్క్‌లో కాపురం. ఆవిడ బట్టలుతికి, ఇస్త్రీ చేసి ఇల్లు గడిపేది. పుట్టిన ఐదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. మొదటి పెళ్లిలో పుట్టిన కూతురు మేజీ ఒక్కతే మిగిలింది. 1869 నవంబరులో జేమ్స్ కూడా చనిపోయాడు.

దానికి ఏడాది ముందు, 1868 సెప్టెంబరులో ఒక ఆదివారం, ఆవిడ గ్రీన్ స్ట్రీట్‌లో ఉన్న తెల్లవాళ్ల మెథడిస్టు చర్చికి వెళ్లింది. ఆ రోజు ప్రసంగించింది జాన్ ఇన్‌స్కిప్. అప్పటి పరిశుద్ధత ఉద్యమంలో పెద్ద పేరు. మారుమనసు పొందడం మొదటి మెట్టు, మనసు పూర్తిగా శుద్ధి కావడం రెండో మెట్టు, అది ఈ జీవితంలోనే సాధ్యం అని వాళ్లు చెప్పేవాళ్లు. అమాండా వెనక వరుసలో కూర్చుంది. లోపల ఉప్పొంగుతున్నా నోరు తెరవడానికి భయం. కేక వేస్తే బయటికి గెంటేస్తారేమో అని. చివరికి ఆపుకోలేక గట్టిగా స్తుతి పలికేసింది. గెంటలేదు సరికదా, వేదిక మీదనుంచి ఇన్‌స్కిప్ ఆమెన్ అన్నాడు.

ఆ అనుభవాన్ని ఆవిడ ఆధ్యాత్మికంగా చెప్పుకుంది. కానీ దాంతోపాటు చెప్పిన ఇంకో మాట మనకి ముఖ్యం. ఆ రోజుతో తెల్లవాళ్లంటే ఉన్న భయం తనలోంచి పోయిందని చెప్పింది. బానిసగా పుట్టిన మనిషి నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు. దాన్ని దైవానుభవం అనండి, ఆత్మవిశ్వాసం అనండి, భయం పోయిన తర్వాతే ఆవిడ బతుకు మారింది.

చెట్ల కింద వేదికలు

1870లో ఆవిడ ఉతుకుడు పని వదిలేసి రోడ్డెక్కింది. న్యూజెర్సీలోని సేలం అనే ఊరికి వెళ్లమని తనకి పిలుపు వచ్చిందని నమ్మి వెళ్లింది. అక్కడ నల్లజాతి చర్చిలో మాట్లాడితే ఊరు ఊరంతా కదిలింది. అక్కడినుంచి ఒక చోట విన్నవాళ్లు ఇంకో చోటికి పిలవడం, ఇలా సాగింది.

అప్పట్లో క్యాంపు సభలనేవి ఉండేవి. వేసవిలో ఊరవతల తోపుల్లో గుడారాలు వేసుకుని, వేలమంది రోజుల తరబడి అక్కడే ఉండి ప్రసంగాలు వినేవాళ్లు. మన దగ్గర జరిగే ఉజ్జీవ సభలకి ఇవి పూర్వరూపాలు అనుకోవచ్చు. చర్చి భవనంలో వేదిక ఎక్కాలంటే పట్టా కావాలి. తోపులో గుడారం ముందు సాక్ష్యం చెప్పడానికి అక్కర్లేదు. ఈ చిన్న సందులోంచే అమాండా లోపలికి వచ్చింది. సాక్ష్యం అంటూ మొదలయ్యేది, ప్రసంగమై ముగిసేది. మధ్యలో పాట. ఆవిడ గొంతు మంద్రంగా, నిండుగా ఉండేది. పాడే యాత్రికురాలు అని పేరు పడింది. వేషం ఎప్పుడూ ఒకటే. క్వేకర్ స్త్రీల మాదిరి సాదా ముదురురంగు గౌను, తలకి బోనెట్, చేతిలో ఒక గుడ్డసంచి.

అంత బాగానే ఉందా అంటే, లేదు. తెల్లవాళ్ల సభల్లో చాలామందికి ఆవిడ ఒక వింత. వెంటబడి మరీ చూసేవాళ్లు. వేదిక మీద ఆవిడ మాటకి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే వేదిక దిగాక పక్కన కూర్చుని తినడానికి వెనకాడేవాళ్లు. ప్రయాణాల్లో బస దొరకడం, భోజనం దొరకడం ప్రతిసారీ ఒక సమస్యే. మీకేమమ్మా, అందరూ ఆదరిస్తున్నారు అని అన్నవాళ్లకి ఆవిడ ఆత్మకథలో జవాబు రాసింది. నా కష్టం ఏంటో సరిగ్గా అర్థం కావాలంటే మీరు నల్లగా మారి నాలాగా తిరిగి చూడండి, అప్పుడు మీ అభిప్రాయం మారుతుంది అన్నది దాని సారాంశం.

ఇటు సొంతవాళ్ల దగ్గర ఇంకోరకం ఇబ్బంది. తెల్లవాళ్లతో ఎక్కువ తిరుగుతోందని కొందరి అనుమానం. ఆడది బోధించడమేంటని ఇంకొందరి అభ్యంతరం. 1872లో ఆఫ్రికన్ మెథడిస్టు చర్చి మహాసభ నాష్‌విల్‌లో జరిగింది. దక్షిణాదిలో ఆ సభ జరగడం అదే మొదలు. అమాండా సొంత డబ్బుతో చూడ్డానికి వెళ్లింది. మంచి మంచి దుస్తుల్లో వచ్చిన పాస్టర్ల భార్యల మధ్య ఈవిడ సాదా గౌను, బోనెట్. ఈమె ఆడవాళ్లకి గురుపట్టా కావాలని గొడవ చేయడానికే వచ్చిందని సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ అందుకు రాలేదు. తనకి పట్టా ఇచ్చేది మనుషులు కాదని ఆవిడ నమ్మకం. అయినా ఎవరూ సరిగ్గా పలకరించలేదు.

అక్కడే ఫిస్క్ విశ్వవిద్యాలయం జూబిలీ గాయకుల కార్యక్రమం జరిగింది. వాళ్లు అప్పటికే అమెరికా ఉత్తరాదిని ఊపేసిన నల్లజాతి గాయక బృందం. వాళ్లకి అమాండా ముందే తెలుసు. జనంలో ఉన్న ఆవిడని గుర్తుపట్టి వేదిక మీదకి పిలిచారు. నిన్నటిదాకా మొహం తిప్పుకున్నవాళ్లు ఆశ్చర్యపోయారు, తర్వాత మర్యాద మారిపోయింది. బయట పేరొస్తేగానీ ఇంట్లో విలువ రాదన్నది ఆవిడ విషయంలోనూ నిజమైంది.

ఇక్కడ ఒక చర్చ ఉంది. ఆవిడ పట్టా కోసం ఎందుకు పోరాడలేదు? ఆవిడకి ముందు తరంలో జెరీనా లీ అదే చర్చిలో రిచర్డ్ అలెన్‌నే వెళ్లి అడిగింది. మొదట కాదన్నాడు, ఏళ్ల తర్వాత మాట్లాడనిచ్చాడు. అమాండా అసలు అడగలేదు. అడగకపోవడం లొంగుబాటు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం అలా అనిపించదు. అడగడం అంటే ఇచ్చే హక్కు ఎదుటివాడిదని ఒప్పుకోవడం కూడా. ఆవిడ ఆ హక్కునే లెక్కలోకి తీసుకోలేదు. కాకపోతే దీనికి నష్టం కూడా ఉంది. ఒక్కతే దాటుకుంటూ వెళ్లిపోతే గోడ అలాగే ఉంటుంది, వెనకొచ్చేవాళ్లు మళ్లీ మొదటినుంచి ఎక్కాలి. 1884లో ఆ చర్చి ఆడవాళ్లకి బోధించే లైసెన్సు ఇచ్చింది కానీ, ఒక చర్చి బాధ్యత అప్పగించే అధికారం ఇవ్వలేదు. ఆడవాళ్లని డీకన్లుగా అభిషేకించడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

ఓడ మీద, తర్వాత మన దేశంలో

1878లో స్నేహితులు ఇంగ్లండ్ ప్రయాణానికి ఏర్పాటు చేశారు. సముద్రం అంటే భయం, మేజీని వదిలి వెళ్లాలంటే దిగులు. చాలా తటపటాయించి బయల్దేరింది. ఓడలో ప్రయాణికులు ఈవిడని దూరం పెట్టారు. ఆదివారం వచ్చింది, ఆరాధన నడిపించడానికి పాస్టరు లేడు. కెప్టెన్ వచ్చి ఈవిడని అడిగాడు. ఆ పూట మాట్లాడాక, పాడాక, మిగతా ప్రయాణంలో పలకరించనివాళ్లు లేరు. ఈ కథ ఆవిడ జీవితంలో మళ్లీ మళ్లీ జరుగుతుంది. ప్రతి కొత్త చోటా మొదట ఒక చర్మం రంగు, తర్వాత ఒక గొంతు, ఆ తర్వాతే ఒక మనిషి.

ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ఏడాదికి పైగా సభలు చేసి, 1879లో లూసీ డ్రేక్ అనే మిషనరీతో కలిసి మన దేశానికి బయల్దేరింది. దారిలో ఇటలీ, ఈజిప్టు చూసి బొంబాయిలో దిగింది. ఆ తర్వాత కలకత్తా, బర్మా. రెండేళ్లు మన ఉపఖండంలో ఉంది.

ఆ కాలం మన తెలుగు నేలమీద ఎలా ఉందో గుర్తు చేసుకుంటే కొంచెం దగ్గరగా అనిపిస్తుంది. 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమనీ నెల్లూరునీ పీల్చి పిప్పి చేసి వెళ్లింది. 1878లో ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. అమాండా మన దేశం వదిలింది ఆ 1881లోనే. దేశమంతా మతం, స్త్రీ, సంస్కరణ అన్న మాటలతో కుతకుతలాడుతున్న రోజులు అవి.

కలకత్తాలో మెథడిస్టు మిషనరీ జేమ్స్ థోబర్న్ ఆవిడతో కలిసి పనిచేశాడు. తర్వాత బిషప్ అయిన మనిషి. ఆవిడ ఆత్మకథకి ముందుమాట ఆయనే రాశాడు. అందులో ఒక సంఘటన ఉంది. నగరం నడిబొడ్డున ఒక మైదానంలో సాయంత్రం సభ. అంతకు కొన్ని రోజుల ముందే అదే చోట క్రైస్తవ బోధకుల మీద జనం చేయి చేసుకున్నారు. థోబర్న్ మాట్లాడటం ముగించాడో లేదో, మైదానం అవతల ఇంకో సభని చెదరగొట్టిన గుంపు కేకలు వేసుకుంటూ ఇటు పరిగెత్తుకొచ్చింది. ఆయనకి తట్టిన ఉపాయం పెట్టె మీదకెక్కి గుంపుని అదుపు చేయడం. అమాండా మాత్రం గడ్డి మీద మోకాళ్లూని, ఆకాశం వైపు మొహం ఎత్తి ప్రార్థన మొదలుపెట్టింది. దూసుకొచ్చిన గుంపు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయింది. ప్రార్థన అయ్యేదాకా చడీచప్పుడు లేదు. ఆ తర్వాత సభ మామూలుగా సాగింది. తను కలకత్తాలో ఉన్న 17 ఏళ్లలో ఎందరో ప్రసిద్ధులు వచ్చినా, ఇంతమంది జనాన్ని రప్పించి నిలబెట్టుకోగలిగినవాళ్లని చూడలేదని ఆయన రాశాడు.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. ఆవిడ మన దేశాన్ని మిషనరీ కళ్లతోనే చూసింది. ఇక్కడి పూజలు, ఆచారాలు ఆవిడకి చీకటిగానే కనిపించాయి. తననే ఒక వింతగా చూసిన లోకం మీద అంత స్పష్టంగా రాసిన మనిషి, ఇక్కడివాళ్ల నమ్మకాల్ని లోపలినుంచి చూసే ప్రయత్నం పెద్దగా చేయలేదు. పైగా ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులో కాబట్టి ఎక్కువగా విన్నది ఇంగ్లీషు తెలిసినవాళ్లే. అదే సమయంలో, తెల్ల దొరలు పాలించే కలకత్తాలో, ఒకప్పటి నల్లజాతి బానిస వేదిక మీద, ఆ దొరలు కింద బెంచీల మీద కూర్చుని వినడం ఎంత విచిత్రమైన దృశ్యమో ఒక్కసారి ఊహించండి. రెండూ నిజాలే. ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచక్కర్లేదు.

లైబీరియాలో 8 ఏళ్లు

1882 మొదట్లో ఆవిడ పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా చేరింది. అమెరికా నుంచి విడుదలైన నల్లజాతివాళ్లని పంపి స్థాపించిన దేశం అది, 1847లో స్వతంత్రమైంది. అక్కడ ఊరూరా తిరిగి మద్యపానానికి వ్యతిరేకంగా సంఘాలు పెట్టింది, బడుల కోసం, ముఖ్యంగా ఆడపిల్లల చదువు కోసం మొత్తుకుంది. మలేరియా జ్వరాలు మంచానికి అతికించేశాయి. కాస్త తగ్గగానే పడవెక్కి ఇంకో ఊరు. 1884లో ఆఫ్రికాకి మెథడిస్టు బిషప్‌గా వచ్చిన విలియం టేలర్‌తో కలిసి పనిచేసింది. ఈ టేలర్ అంతకుముందు మన దేశంలో బొంబాయి, మద్రాసు, బెంగళూరుల్లో చర్చిలు పెట్టినవాడే.

ఆఫ్రికా వెళ్తే సొంత గడ్డ, అంతా బాగుంటుంది అని అమెరికాలో ప్రచారం జరిగేది. ఆవిడ కళ్లారా చూసింది వేరు. చేతిలో డబ్బు, ఏర్పాట్లు ఏమీ లేకుండా ఓడల్లో దింపిన కుటుంబాలు జ్వరాలతో, ఆకలితో అల్లాడటం చూసింది. అమెరికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు స్థానిక తెగల్ని చిన్నచూపు చూడటం కూడా చూసింది. తిరిగొచ్చాక ఈ విషయాలు దాచలేదు. అందరూ వినాలనుకునే మాట కాకుండా తను చూసిన మాట చెప్పింది. అక్కడ ఇద్దరు పిల్లల్ని, ఫ్రాన్సిస్ అనే అమ్మాయినీ బాబ్ అనే అబ్బాయినీ చేరదీసి పెంచింది.

ఈ తిరుగుళ్లన్నింటికీ జీతం లేదు. ఏ మిషన్ సంస్థా నెలనెలా పంపేది కాదు. ఎవరో ఇచ్చిన చందా, ఎవరో పంపిన ఉత్తరంలో మడిచిన నోటు. ఆత్మకథలో డాలర్ల లెక్కలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఎవరు ఎంత ఇచ్చారో ఆవిడ మర్చిపోలేదు. తండ్రి చీపుర్ల లెక్క చూస్తూ పెరిగిన పిల్ల కదా.

హార్వీలో ఒక ఇల్లు

1890లో అమెరికా తిరిగొచ్చి, 1892లో చికాగో చేరింది. 1893లో ఆత్మకథ అచ్చయింది. 500 పేజీలకి పైగా ఉన్న పుస్తకం, రాసింది మూడు నెలలు బడికి వెళ్లిన మనిషి. పుస్తకం అమ్మకాలు, సభల్లో వచ్చిన చందాలు, తన పొదుపు అంతా ఒక్క పని కోసం కూడబెట్టింది. చికాగోకి దక్షిణాన హార్వీ అనే ఊళ్లో స్థలం కొని, 1899 జూన్ 28న నల్లజాతి అనాథపిల్లల కోసం ఆశ్రమం తెరిచింది. మొదలైనప్పుడు ఐదుగురు పిల్లలు. ఇల్లినాయ్ రాష్ట్రంలో అలాంటి పిల్లలకి నీడ దొరికే చోట్లు అప్పటికి చాలా తక్కువ. నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి 62 ఏళ్ల వయసులో మళ్లీ పసిపిల్లల జ్వరాలు, గిన్నెలు, అప్పులు నెత్తిన వేసుకుంది.

నిజం చెప్పాలంటే ఆశ్రమం ఎప్పుడూ సాఫీగా నడవలేదు. డబ్బు కటకట వదల్లేదు. దానికోసం ఒక చిన్న పత్రిక నడిపింది, వయసు మీదపడుతున్నా ఊళ్లు తిరిగి పాడి చందాలు తెచ్చింది. ప్రసంగం చేసి జనాన్ని కదిలించడం వేరు, నెలనెలా బొగ్గుకీ రొట్టెకీ బిల్లు కట్టడం వేరు. రెండో దాంట్లో ఆవిడకి చప్పట్లు రాలేదు.

1912లో ఓపిక అయిపోయి విశ్రాంతి తీసుకుంది. ఫ్లోరిడాలో సెబ్రింగ్ పట్టణాన్ని నిర్మించిన జార్జ్ సెబ్రింగ్ ఆవిడకి అక్కడ ఇల్లు ఇచ్చాడు. 1915 ఫిబ్రవరి 24న అక్కడే చనిపోయింది. అంత్యక్రియలు చికాగోలో జరిగాయి. ఆశ్రమం ఇంకో మూడేళ్లు నడిచింది. 1918లో అగ్నిప్రమాదం జరిగి ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు, దాంతో మూతపడింది.

ఒక సంస్థగా చూస్తే ఆవిడ వెనక ఏమీ మిగల్లేదు. ఆవిడ పెట్టిన చర్చి లేదు, శాఖ లేదు, ఆశ్రమం లేదు. సంతకం లేకుండా పనిచేసినవాళ్లకి ఇదొక ఇబ్బంది. వాళ్ల తర్వాత ఆ పనిని అందుకునే కుర్చీ ఉండదు. మిగిలింది ఆ లావుపాటి పుస్తకం. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు సాదాగా ఉంటుంది, మాట్లాడుతున్నట్టే రాసింది. మొత్తం చదవలేకపోతే, చెల్లెలు ఫ్రాన్సిస్‌ని విడిపించిన అధ్యాయం ఒక్కటి చదవండి. కాగితానికీ మనిషికీ మధ్య ఉన్న తేడా ఆవిడకి ఎలా తెలిసిందో అక్కడ ఉంది.